అల్ వక్రా స్టేషన్‌లో ఎక్కించుకున్న హాస్యనటుడు

ఒక మనిషిని మెట్రో స్టేషన్ నుంచి ఇంటికి తీసుకురావడంలో ఎన్ని పొరపాట్లకు చోటుందో ఎప్పుడైనా ఆలోచించారా? ఆలస్యంగా వెళ్ళవచ్చు. వేరే గేటు దగ్గర నిలబడవచ్చు. దారి తప్పి ఎడారిలోకి పోవచ్చు. నేను వీటిలో ఒక్కటీ చెయ్యలేదు. టైముకే వెళ్ళాను, సరైన గేటు దగ్గరే నిలబడ్డాను, ఒక్క మలుపు కూడా తప్పకుండా ఇంటికి చేర్చాను. మనిషి ఒక్కడే తప్పు.

ఆ చిన్న తేడా వల్ల ఆ శుక్రవారం సాయంత్రం దోహా పక్కనున్న అల్ వక్రాలో ఎంత విధ్వంసం జరిగిందో ఇప్పుడు చెబుతాను. నవ్వదలచుకున్నవాళ్ళు నిరభ్యంతరంగా నవ్వవచ్చు. ఎక్కడైనా ఒకచోట నా మీద కాస్త జాలి కలిగితే దాచుకోకండి, నాకు పనికొస్తుంది.

నా పేరు రత్నరాజు. మాది పామర్రు దగ్గర పల్లెటూరు. దోహాలో ఒక కంపెనీలో డాక్యుమెంట్ కంట్రోలర్‌ని, అంటే కాగితాలు పోకుండా కాపలా కాసేవాణ్ణి. మా మేనేజరు ఇంగ్లీషువాడు. మీటింగులో ముఖంలో ఒక్క గీత కదలకుండా ఏదో అనేవాడు. పక్కనున్న ఇంకో ఇంగ్లీషువాడు దగ్గినట్టు నవ్వేవాడు. మిగతా మేమందరం అది ఆర్డరనుకుని రాసుకునేవాళ్ళం. ఒకసారి ఆయన వేసిన జోకును నేను మీటింగ్ నివేదికలో చేర్చి, "తక్షణం అమలు చేయవలెను" అని అన్ని డిపార్ట్‌మెంట్లకూ పంపించాను. స్టోర్స్ వాళ్ళు అమలు చేయడానికి ప్రయత్నించారు కూడా.

ఆ తర్వాత బుద్ధి తెచ్చుకుని, వీళ్ళు దేనికి నవ్వుతారో తెలుసుకోవాలని పాత బ్రిటిష్ రేడియో హాస్య కార్యక్రమాలు వినడం మొదలుపెట్టాను. మొదట్లో రికార్డింగులో జనం నవ్వినప్పుడు నేనూ నవ్వేవాణ్ణి, చర్చిలో అందరూ లేచినప్పుడు లేచినట్టు. కొన్నాళ్ళకు జనం కంటే ముందే నవ్వు రావడం మొదలైంది. అక్కడితో నా పని అయిపోయింది. రోగం అంటుకుంది.

ఇదే రోగం ఇంకొకరికి కూడా ఉందని దుఖాన్ రోడ్డు మీద తెలిసింది. మా కంపెనీ డ్రైవరు గంగాధర్ నన్ను సైటుకు తీసుకెళుతున్నాడు. జగిత్యాల దిక్కు మనిషి. బండిలో పాటలు వస్తాయనుకుంటే లండన్ గొంతులు వచ్చాయి.

"ఇదేంటి గంగన్నా?"

"ఇంతకుముందు నేను బండి తోలిన ఇంగ్లీషు సారు ఇదే పెట్టెటోడు తమ్మీ. మొదట తలకాయ నొచ్చేది. ఇప్పుడు ఇది లేకుంటే నాకు రోడ్డే కనవడది. మా అవ్వకు ఇటు దిక్కంత దుబాయే. ఫోన్ జేసి 'దుబాయ్‌ల ఏం జేస్తున్నవ్ బిడ్డా' అంటది. 'నవ్వుకుంట బండి తోలుతున్ననే' అంటే 'పానం మంచిగనే ఉన్నదా' అని భయపడ్తది."

మూడో రోగి విమలక్క. పాలకొల్లు ఆవిడ, ఇక్కడ ఒక స్కూల్లో ఇంగ్లీషు టీచరు. చర్చిలో పరిచయం. అల్ వక్రాలో వాళ్ళ ఫ్లాట్ హాలు పెద్దది కాబట్టి శుక్రవారం సాయంత్రాలు అక్కడే కలిసేవాళ్ళం. క్రమంగా ఒక మలయాళీ దంపతులు, ఒక శ్రీలంక ఇంజనీరు, ఇంకా కొందరు చేరారు. పాత బ్రిటిష్ రేడియో హాస్యాభిమానుల సొసైటీ అని పేరు పెట్టుకున్నాం. నన్ను సెక్రటరీని చేశారు. అక్కడే మొదటి తప్పు జరిగిందని ఇప్పుడు అందరూ ఒప్పుకుంటారు.

సొసైటీ అన్నాక రెండు పక్షాలు ఉండాలి కదా. విమలక్క దేవుడు సెసిల్ వార్‌బ్రిక్. ఆయన గొప్పతనమంతా మాట్లాడకపోవడంలో ఉంది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పేముందు ఆగుతాడు. ఆ ఆగడంలోనే జనం పడి పడి నవ్వుతారు. గంగాధర్ దేవుడు టోబీ ప్లిమ్మర్. ఆయన ఒక్కడే డ్రైవరూ, కండక్టరూ, సీటు కోసం కొట్లాడే ముసలమ్మలూ, ఆఖరికి బస్సు హారనూ అన్నీ అయిపోతాడు. ఇద్దరూ ఎప్పుడో పోయారు. కానీ విమలక్క హాల్లో ప్రతి శుక్రవారం లేచి కత్తులు దూసుకునేవాళ్ళు.

"ఆగుడు గూడ కామెడీయేనా అక్కా?" అనేవాడు గంగాధర్. "గట్లయితే మా క్యాంప్‌ల లిఫ్టు ఇంకా పెద్ద కమెడియన్. అది మూడో అంతస్తుల ఆగితె అందరం ఏడుస్తం."

"గొంతులు మార్చడం కళ అయితే మా ఇంట్లో మిక్సీ ఉందండీ గంగాధర్ గారూ," అనేది విమలక్క. "మూడు గొంతులు. నాలుగోది మాడిపోయినప్పుడు వస్తుంది."

మొదట్లో ఇది సరదాగానే ఉండేది. మిగతావాళ్ళు తెలుగు రాకపోయినా టెన్నిస్ చూసినట్టు అటూ ఇటూ తలలు తిప్పుతూ ఆనందించేవాళ్ళు. ఒక శుక్రవారం మాత్రం మాట తూలింది. వార్‌బ్రిక్‌ని "సప్పుడు లేని శవం" అన్నాడు గంగాధర్. విమలక్క లేచి నిలబడి, "మా ఇంట్లో కూర్చుని మా ఆయన్ని అన్నా ఊరుకుంటాను గానీ వార్‌బ్రిక్‌ని అంటే ఊరుకోను. ఇష్టం లేకపోతే రావడం మానెయ్యండి," అంది. వాళ్ళాయన వంటింట్లోంచి తల బయటపెట్టి, పరిస్థితి గమనించి, మళ్ళీ లోపలికి తీసుకున్నాడు. గంగాధర్ చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. మలయాళీ దంపతులు గంగాధర్ వైపు, శ్రీలంక ఇంజనీరు విమలక్క వైపు. సొసైటీ రెండు ముక్కలవడానికి సిద్ధంగా ఉంది.

మీకు ఇది నవ్వులాట. నాకు మాత్రం ప్రాణం మీదకొచ్చింది. వారమంతా కాగితాల మధ్య బతికేవాడికి ఆ ఒక్క సాయంత్రమే గాలి. అది కూడా పోతే గదిలో కూర్చుని గోడను చూస్తూ ఆగాల్సిందే, వార్‌బ్రిక్‌లాగా. కాకపోతే నవ్వేవాళ్ళు ఉండరు.

సరిగ్గా అప్పుడే నాకో నిధి దొరికింది. ఇంటర్నెట్‌లో ఒక పాత రికార్డింగు కింద అభిమానులు రాసుకునే మాటల్లో ఒకావిడ, "ఇందులో గుర్రంగా సకిలించింది మా నాన్న. ఇప్పుడు దోహాలో నా దగ్గరికి వచ్చి ఉన్నారు," అని రాసింది. హ్యూ పెటిగ్రూ! పెద్ద నటుడేం కాదు. తలుపు తీసే నౌకరు, రైలు గార్డు, గుర్రం లాంటి చిన్న చిన్న వేషాలు. కానీ వార్‌బ్రిక్ దగ్గరా చేశాడు, ప్లిమ్మర్ దగ్గరా చేశాడు. ఇద్దరినీ దగ్గరగా చూసినవాడు. ఎవరు గొప్పో ఆయన ఒక్కమాట చెబితే గొడవ తీరిపోతుంది.

ఆవిడకు మెసేజ్ పెట్టాను. జవాబు వచ్చింది: "నాన్న చాలా సంతోషించారు. శుక్రవారం సాయంత్రం అల్ వక్రా స్టేషన్ బయట ఉంటారు. గడ్డి టోపీ, తోలు సంచి. ఆయన ఫోన్ వాడరు."

గంగాధర్‌ని బతిమాలి ఒప్పించాను. "వస్త తమ్మీ. గని ఆ సారు వార్‌బ్రిక్ అన్నడనుకో, అదే నాకు ఆఖరి రోజు," అన్నాడు. విమలక్క కూడా అదే మాట వేరే యాసలో అంది. అని ఊరుకోకుండా, "ఏమయ్యా రాజూ, ఆయన ఫొటో ఒకటి అడగరాదూ?" అని కూడా అంది.

అప్పుడు నేనన్న మాటను ఇక్కడ యథాతథంగా రాస్తున్నాను, నా సమాధి మీద చెక్కించుకోవడానికి పనికొస్తుంది: "అక్కా, ఆయన గొంతు వెయ్యిమందిలో గుర్తుపడతాను!"

శుక్రవారం వచ్చింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని స్టేషన్‌కి వెళ్ళాను. గేటు బయట గడ్డి టోపీ. చేతిలో తోలు సంచి. పొడుగ్గా, ఎండకు ఇటుక రంగు తేలిన పెద్దమనిషి. అదే స్టేషన్‌లో ఆ క్షణాన ఇంకో గడ్డి టోపీ, ఇంకో తోలు సంచి బాత్‌రూమ్‌కి వెళ్ళి ఉన్నాయని నాకెలా తెలుస్తుంది చెప్పండి?

"గుడ్ ఈవినింగ్ సర్! సొసైటీ నుంచి వచ్చాను."

"ఓ, సొసైటీ. సంతోషం," అన్నారాయన. అంతా ఇంగ్లీషులోనే అన్నారు, మీకోసం తెలుగులో చెబుతున్నాను. గొంతు బొంగురుగా ఉంది. వినగానే నాకు గుర్రం గుర్తొచ్చింది. చూశారా, వెయ్యిమందిలో గుర్తుపట్టాను!

కారులో మర్యాదకు మాట కలిపాను. "సర్, మీరు ఈ రంగంలోకి ఎలా వచ్చారు?"

"మొదట గుర్రాలతో మొదలుపెట్టాను."

"తెలుసు సర్!" ఆనందంతో స్టీరింగ్ వదిలేయబోయాను. "కొబ్బరి చిప్పలతో చేసేవారా?"

ఆయన నావైపు ఒకసారి చూశారు. "లేదు. చేతులతోనే. మోచేతి దాకా తొడుగు వేసుకుని."

రేడియోలో గుర్రం డెక్కల చప్పుడు కోసం మనిషి మోచేతి దాకా తొడుగు వేసుకుంటాడా! కళ అంటే ఎంత తపస్సు అనుకుని నా కళ్ళు చెమర్చాయి.

"మరి ఎప్పుడైనా పొరపాటు జరిగితే?"

"తన్నేవి," అన్నారాయన.

నేను ఎంత నవ్వానంటే రౌండబౌట్ చుట్టూ రెండుసార్లు తిరిగాను. ఆయన సీటుబెల్టు గట్టిగా పట్టుకున్నారు. మీకు ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది. ఆయన పశువుల డాక్టరు. పేరు హాల్‌బ్రూక్. అల్ షహానియా వైపు ఒంటెలకు వైద్యం చేస్తారు. ఆ సాయంత్రం వక్రాలోనే ఇంకో సొసైటీలో, అంటే పక్షులనూ పురుగులనూ జంతువులనూ పరిశీలించే ప్రకృతి ప్రేమికుల సొసైటీలో, ఆయన ప్రసంగం ఉంది. వాళ్ళూ స్టేషన్ దగ్గరికే మనిషిని పంపుతామన్నారు. మీకు అర్థమైంది, ఎందుకంటే మీరు స్థిమితంగా కూర్చుని చదువుతున్నారు. నేను ఒక మహానటుణ్ణి కారులో ఎక్కించుకున్న మైకంలో ఉన్నాను.

విమలక్క హాలు కిటకిటలాడుతోంది. ఒక గోడ పక్కన వార్‌బ్రిక్ పక్షం, ఎదురుగోడ పక్కన ప్లిమ్మర్ పక్షం, మధ్యలో ఖాళీ, పెళ్ళి చెడిపోయిన రెండు కుటుంబాల్లాగా. నేను లేచి, "వీరి గొంతు మీకందరికీ తెలుసు. పరిచయం అక్కర్లేదు," అని కూర్చున్నాను. పేరు చెప్పి ఉంటే కథ అక్కడే ముగిసేది. చెప్పలేదు. నాటకీయంగా ఉంటుందనుకున్నాను.

ఆయన టోపీ తీసి, గొంతు సవరించుకుని, "మిత్రులారా, ఒంటె కడుపు గురించి మాట్లాడమని నన్ను అడిగారు," అన్నారు.

 విమలక్క ఫక్కున నవ్వింది. ఆ నవ్వు హాలంతా అంటుకుంది.

డాక్టరుగారు కొంచెం ఆశ్చర్యపడి ముందుకు సాగారు. "ఆవుకు కడుపులో నాలుగు గదులు. ఒంటెకు మూడే. ఈ విషయంలో చాలామంది నాతో వాదించారు. నేను లోపలికి చూసి వచ్చాను. మూడే."

శ్రీలంక ఇంజనీరు కుర్చీలోంచి జారాడు.

"ఒంటె ఉమ్ముతుందని అంటారు. అది ఉమ్ము కాదు. మొదటి గదిలో సగం అరిగిన మేత. ఒకసారి నా పెళ్ళిరోజున కొత్త చొక్కా మీద పడింది. ఆ చొక్కాను నేను లాబొరేటరీకి పంపించాను."

"మీ ఆవిడ ఏమన్నారు సర్?" కన్నీళ్ళు తుడుచుకుంటూ అడిగింది మలయాళీ ఆవిడ.

డాక్టరుగారు ఆలోచించారు. నిజాయితీగా జ్ఞాపకం చేసుకున్నారు. "రిపోర్టు ఎప్పుడొస్తుందని అడిగింది."

హాలు పగిలిపోయింది. గంగాధర్ నా భుజం మీద కొట్టాడు. "ఏం మనిషిని తెచ్చినవ్ తమ్మీ! మొకంల ఒక్క నరం గూడ కదుల్తలేదు!" ఆ దెబ్బకు నా భుజం దిగిపోయినా ఛాతీ మాత్రం ఉబ్బింది.

ఆ ఊపులో అసలు ప్రశ్న నేనే అడిగేశాను. "సర్, మా అందరి సందేహం ఒకటే. వార్‌బ్రిక్, ప్లిమ్మర్, ఈ ఇద్దరిలో ఎవరు గొప్ప?"

రెండు గోడలూ ఊపిరి బిగబట్టాయి. డాక్టరుగారు కనుబొమలు ముడిచారు. "ఆ ఇద్దరినీ నేను పరీక్షించలేదు," అన్నారు మెల్లగా. "పళ్ళు చూడకుండా నేనేమీ చెప్పలేను."

ఆ తర్వాత జరిగిన నవ్వును నేను వర్ణించలేను. కింది అంతస్తువాళ్ళు ఏమైందోనని పైకి వచ్చి తలుపు కొట్టారు, వచ్చి వాళ్ళూ కూర్చున్నారు. ఆయన మాత్రం, పళ్ళ మాట వచ్చింది కదా అని, సంచి తెరిచి పిడికిలంత ఒంటె పన్ను ఒకటి పైకి తీశారు.

అందరూ చప్పట్లు కొట్టారు. నా చప్పట్లు మాత్రం మధ్యలో ఆగాయి. రేడియో మనిషి సంచిలో ఒంటె పన్ను ఎందుకుంటుంది? రేడియోలో పన్ను కనపడదు కదా?

అదే నిమిషంలో జేబులో ఫోన్ అదిరింది. పెటిగ్రూ గారమ్మాయి. "నాన్న ఇప్పుడే మీవాళ్ళెవరి ఫోన్ నుంచో మాట్లాడారు. ఎంతో మర్యాదస్తులట. కానీ అందరూ ఒంటెల గురించే ఎందుకు అడుగుతున్నారో అర్థం కావడం లేదట. నోటికొచ్చింది చెబుతున్నానన్నారు."

రెండుసార్లు చదివాను. గంగాధర్ చెవిలో గొణిగాను. "గంగన్నా, ఈయన ఆయన కాదు."

"ఏ ఆయన?"

"రేడియో ఆయన కాదు. నిజంగానే ఒంటెల డాక్టరు."

గంగాధర్ డాక్టరుగారిని చూశాడు, పన్నును చూశాడు, నన్ను చూశాడు. "మరి మన సారేడి?"

"ఇంకెక్కడో నిలబడి ఒంటెల గురించి చెబుతున్నాడు."

గంగాధర్ భుజం మీది తువ్వాలు తీసి నోట్లో కుక్కుకున్నాడు. అది ఏడుపో నవ్వో నాకు తెలియలేదు. తువ్వాలు తీశాక, "ఏం జేస్తవ్ మరి? ఆయినెకు జెప్పు," అన్నాడు. "చెప్తే బాధపడతాడేమో గంగన్నా," అన్నాను. "జెప్పకుంటె ఇంకా బాధ. మొకం జూడు ఒకసారి."

చూశాను. డాక్టరుగారు మాట ఆపేశారు. పన్ను పట్టుకున్న చెయ్యి కిందికి వాలింది. జనం ఇంకా నవ్వుతున్నారు. ఆయన మాత్రం నవ్వడం లేదు.

"క్షమించండి," అన్నారు. "నేనేదైనా తప్పు చెబుతున్నానా? ఈ ప్రసంగం కోసం నేను చాలా తయారై వచ్చాను."

ఆ గొంతు విని హాలు టక్కున ఆగిపోయింది. వార్‌బ్రిక్ తన జీవితంలో అంత నిశ్శబ్దాన్ని సంపాదించి ఉండడు. అందరూ నావైపు చూశారు. నేను లేచాను. 

"సర్, తప్పు మీది కాదు, నాది. ఇది పాత రేడియో హాస్యాభిమానుల సొసైటీ. ఒక నటుడి కోసం వచ్చి, పేరు కూడా అడక్కుండా మిమ్మల్ని ఎక్కించుకొచ్చాను. వీళ్ళకేమీ తెలియదు. మీరే ఆ నటుడనుకుని నవ్వారు. మిమ్మల్ని చూసి నవ్వలేదు సర్, మీ మాటలకి నవ్వారు."

 విమలక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. డాక్టరుగారు కుర్చీలో కూర్చుని, పన్నును ఒళ్ళో పెట్టుకుని, చాలాసేపు దాన్నే చూశారు.

"అంటే," అన్నారు చివరికి, "వీళ్ళంతా నన్ను పేరున్న హాస్యనటుడనుకున్నారు."

"అవును సర్."

"ఎక్కడా అనుమానం రాలేదు?"

"పన్ను తీసేదాకా రాలేదు సర్."

"నేను ఏళ్ళ తరబడి ప్రసంగాలు చేస్తున్నాను," అన్నారాయన. "సగం మంది నిద్రపోతారు. మిగతా సగం వాళ్ళని తట్టి లేపుతుంటారు. ఎన్నడూ ఒక్కరు నవ్వలేదు." ఆగారు. "బాగా చేశానా?"

విమలక్క ముందుకొచ్చింది. "సర్, ఈ హాల్లో ఇంతమంది కలిసి నవ్వడం ఇదే మొదటిసారి," అంది. ఆ మాట అన్నాక చుట్టూ చూసుకుంది. నిజమే. నవ్వుల్లో ఎవరు ఎటు జారారో గానీ, వార్‌బ్రిక్ గోడ దగ్గర ప్లిమ్మర్ పక్షం కూర్చుని ఉంది. మధ్యలో ఖాళీ లేదు.

డాక్టరుగారు లేచి కోటు సర్దుకున్నారు. "రెండో గది ఇంకా మొదలుపెట్టనేలేదు. పూర్తి చెయ్యొచ్చా?"

చప్పట్లు మోగాయి. ఈసారి డాక్టరుగారు సంగతి తెలిసి చెప్పారు. ఎక్కడ నవ్వుతారో అక్కడ ఒక క్షణం ఆగడం నేర్చుకున్నారు. "చూశారా, ఆగారు! అదీ వార్‌బ్రిక్ అంటే!" అని విమలక్క కేక. జోడు కోసం తిరిగే మగ ఒంటె గొంతులో గురగురలు ఎలా పలికిస్తుందో ఆయన చేసి చూపించారు. "గొంతు మార్చిండు! ప్లిమ్మర్!" అని గంగాధర్ కేక. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, కొట్లాట సంగతి గుర్తొచ్చి, ముఖాలు గంభీరంగా పెట్టడానికి ప్రయత్నించి విఫలమయ్యారు.

మూడో గది ముగిశాక అసలు నటుణ్ణి విడిపించుకురావాలని అందరికీ గుర్తొచ్చింది. నేను ఒక గడ్డి టోపీని ఎక్కించుకుపోయాక, ఆ రెండో సొసైటీ మనిషి వచ్చి మిగిలిన గడ్డి టోపీని ఎక్కించుకుపోయాడన్నమాట. వాళ్ళ సమావేశం రేవు దగ్గర ఒక విల్లాలో అని డాక్టరుగారు చెప్పారు. గంగాధర్ బండి తీశాడు. నేనూ, డాక్టరుగారూ, విమలక్కా ఎక్కాం.

"యల్లా, యల్లా!" అని ఎదురుగా దారి ఇవ్వని ప్రతి బండినీ గంగాధర్ తొందరపెట్టాడు. "రేడియో సారును ఒంటెలోళ్ళు పట్కపోయిండ్రు!"

విల్లా తలుపు తోసి చూద్దుము కదా, లోపల చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. గోడ మీద ఒంటె బొమ్మ. దాని ముందు పొట్టిగా గుండ్రంగా ఒక గడ్డి టోపీ ఆసామి. ఆయన ఎదురుగా కళ్ళజోళ్ళు పెట్టుకుని పాతిక మంది. అందరూ రాసుకుంటున్నారు.

"మూపురంలో నీళ్ళుండవు," అంటున్నారు పెటిగ్రూ. నుదుటి మీద చెమట ధారలు. "కొవ్వూ ఉండదు. అవమానాలుంటాయి. ఒంటె తన జన్మలో పడిన ప్రతి అవమానాన్నీ అక్కడ దాచుకుంటుంది."

ముందు వరసలో తెల్లజుట్టు పెద్దావిడ, ఆ సొసైటీ అధ్యక్షురాలట, చెయ్యెత్తింది. "మరి రెండు మూపురాల ఒంటెలు?"

"అవి చుట్టాలింట్లో పెరిగినవి."

అందరూ రాసుకున్నారు.

"దీనికి ఆధారం?"

"ఒక ఒంటె నాతో స్వయంగా చెప్పింది."

"ప్రత్యక్ష పరిశీలన," అని పైకి చదువుకుంటూ రాసుకుందావిడ.

నా పక్కన డాక్టరుగారు ఇటుక రంగు నుంచి టొమాటో రంగులోకి మారారు. "అబద్ధం!" అని అరిచారు. "పచ్చి అబద్ధం! ఒక్క ముక్క కూడా నిజం లేదు!"

పెటిగ్రూ రెండు చేతులూ జోడించారు. "హమ్మయ్య! ఒక్కరు, ఒక్కరైనా నమ్మనివాళ్ళు దొరికారు! అయ్యా, జీవితమంతా నేను నోరు విప్పితే జనం నవ్వారు. ఈ సాయంత్రం ఏం చెప్పినా రాసుకుంటున్నారు. ఇంకాసేపు ఉంటే నేనే నమ్మేసేవాణ్ణి."

నేను ముందుకొచ్చి, అలవాటైన మాటలే కాబట్టి ఈసారి కాస్త ధారాళంగా, నా తప్పు ఒప్పుకున్నాను. అధ్యక్షురాలు తన పుస్తకంలోకి చూసుకుంది. ఒక పేజీ వెనక్కి తిప్పింది. "చుట్టాలింట్లో పెరిగినవి," అని తనలో తను చదువుకుంది. పెదవి వణికింది. కోపమనుకుని నేను తలుపు వైపు జరిగాను. ఆవిడ అలా వణుకుతూ వణుకుతూ కుర్చీ చేతిని పట్టుకుని పగలబడి నవ్వింది. ఆవిడ నవ్వుతుందని వాళ్ళ సొసైటీలో ఎవరికీ తెలియదట. ఆ ఆశ్చర్యంలోంచి తేరుకున్నాక పాతిక మందీ మొదలుపెట్టారు.

ఆ తర్వాత డాక్టరుగారు ఒక్కొక్క అబద్ధాన్నీ సరిదిద్దుతుంటే, పెటిగ్రూ ఒక్కొక్క నిజాన్నీ చెడగొడుతూ, ఇద్దరూ కలిసి ఒక ప్రసంగం చేశారు. అంత మంచి రేడియో కార్యక్రమం నేను ఇంతవరకు ఏ రేడియోలోనూ వినలేదు.

చివర్లో విమలక్క ధైర్యం చేసి అడిగింది. "సర్, వార్‌బ్రిక్, ప్లిమ్మర్. ఎవరు గొప్ప?"

పెటిగ్రూ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నారు. "ప్లిమ్మర్ కొత్త గొంతు పట్టినప్పుడల్లా ముందుగా వార్‌బ్రిక్‌కి ఫోన్ చేసి వినిపించేవాడు. వార్‌బ్రిక్ ఎంతసేపు ఆగాలో ప్లిమ్మర్‌ని అడిగి ఆగేవాడు. నేను గుర్రాన్ని కదా, గుర్రం ముందు ఎవరూ మాటలు దాచుకోరు. మీరు వాళ్ళకోసం ఇక్కడ కొట్టుకుంటున్నారని తెలిస్తే ఇద్దరూ టాక్సీ కట్టించుకుని చూడ్డానికి వచ్చేవాళ్ళు."

 గంగాధర్ తల గోక్కున్నాడు. "అక్కా, వార్‌బ్రిక్ దాంట్ల మంచిది ఏదన్న ఉంటె పంపు. దుఖాన్ పొయ్యేటప్పుడు ఇంట. ఆగినకాడ నేను గూడ బండి ఆపుత."

"మీరు ఆ బస్సు ఎపిసోడ్ పంపండి," అంది విమలక్క. "మా క్లాసు పిల్లలకి వినిపిస్తాను. ఏవండీ, ఆ రోజు నేను కూడా ఎక్కువే అన్నాను."

"గదేం లేదక్కా. మిక్సీ జోకు మాత్రం మస్తుగుండె."

ఇప్పుడు రెండు సొసైటీలూ నెలకోసారి కలుస్తాయి. మా దగ్గర అందరికంటే గిరాకీ ఉన్న వక్త హాల్‌బ్రూక్ డాక్టరుగారే. పెటిగ్రూ తన దేశం వెళ్ళిపోయారు గానీ, అక్కడి నుంచి ఒంటెల గురించి కొత్త అబద్ధాలు కనిపెట్టి పంపుతుంటారు, డాక్టరుగారు తిట్టుకుంటూ సరిదిద్దుతుంటారు. అధ్యక్షురాలు రెండింటినీ రాసుకుంటుంది.

ఇక నా సంగతి. ఆ సాయంత్రమే అందరి ముందూ కుడిచెయ్యి గుండెల మీద పెట్టుకుని ప్రమాణం చేశాను: ఇకమీదట ఏ పెద్దమనిషినైనా కారెక్కించుకునే ముందు పేరడుగుతాను, ఊరడుగుతాను, వృత్తి అడుగుతాను, అవసరమైతే ఐడీ కార్డు చూస్తాను. మాట తప్పే వంశం కాదు మాది. మొన్న పక్షుల గురించి చెప్పడానికి వచ్చిన ఒకాయన్ని స్టేషన్ బయట అక్షరాలా అలాగే అడిగాను. ఆయన నన్ను పోలీసనుకుని, చేతులు పైకెత్తి, కార్డు చూపించి, మర్యాదగా వెనక్కి నడిచి మెట్రో ఎక్కి వెళ్ళిపోయాడు. కార్డు చూశాను కదా, మనిషి మాత్రం ముమ్మాటికీ సరైనవాడే.

కాబట్టి ప్రమాణాన్ని పాఠకుల సాక్షిగా సవరిస్తున్నాను. అతిథులను తెచ్చే పని నేను చేయగా ఇక ఈ భూమ్మీద ఎవరూ చూడరు. ఆ పని గంగన్నది. నేను విమలక్క ఇంట్లో తలుపు దగ్గర నిలబడతాను. లోపలికి వచ్చినవాళ్ళు ఎవరైనా సరే, కూర్చోబెట్టి మైకు చేతికిచ్చేస్తాను.